ఇల్లాలికి ఇల్లేది? (మన ఇళ్ళ చరిత్ర – 7)



ఈ వారం ఇళ్ళ స్థలాల పోరాటాల గురించి రాస్తానని పోయిన భాగం చివర మాటిచ్చాను. ఈలోగా ఒక సంగతి జరిగింది. ఆ పోరాటాల్లో గెలుచుకున్న ఇల్లు తర్వాత ఎవరి చేతిలో ఉంటుంది అన్న ప్రశ్న నా బల్ల మీదికి కాగితం రూపంలో వచ్చింది. అందుకే ఈ భాగం దారి మార్చాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా అమ్మాయిలు.

మంగళవారం మధ్యాహ్నం క్లాసు అయ్యాక డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే వచ్చి, బ్యాగులోంచి నాలుగు మడతలు పెట్టిన వంద రూపాయల స్టాంపు కాగితం తీసింది.

"మేడమ్, దీంట్లో ఏముందో అమ్మకి చదివి చెప్పాను. ఆదివారం లోపల సంతకం పెట్టమంటున్నారు. పెట్టాలా వద్దా?"

పెద్దమనుషుల పంచాయితీలో రాయించిన కాగితం అది. ఉభయులకూ మనస్పర్థలు వచ్చినందున తెగతెంపులు చేసుకున్నారట. భార్య తాను ఉంటున్న ఇంటిని నెల రోజుల్లో ఖాళీ చేసి భర్తకు స్వాధీనం చెయ్యాలట. అందుకు బదులుగా భర్త కోర్టుకొచ్చి పరస్పర అంగీకార విడాకుల మీద సంతకం పెడతాడట.

ఆ అమ్మాయి అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. వాళ్ళని గుర్తుపట్టే వివరాలేవీ ఉంచలేదు. నాన్న ఇల్లు వదిలి నాలుగేళ్ళయింది. వేరే ఊళ్ళో ఇంకొకామెతో ఉంటున్నాడు. అయినా అప్పులకి మాత్రం ఈ ఇల్లే చూపిస్తాడు. అప్పులోళ్ళు వచ్చి అమ్మ గుమ్మం ముందు కూర్చుంటారు. తాగినప్పుడు ఆయనే వచ్చి కూర్చుంటాడు. అమ్మకి ఇక ఆ మనిషితో ఏ కాగితంలోనూ సంబంధం ఉండకూడదు. విడాకులు కావాలి. ఆయనేమో నోటీసు తీసుకోడు, ఫోన్ ఎత్తడు, పిలిస్తే రాడు. వస్తానన్న మొదటిసారి ఈ కాగితంతో వచ్చాడు.

ఇల్లు ఎవరి పేరు మీద ఉందని అడిగాను.

"అమ్మ పేరు మీదే మేడమ్. పట్టా అమ్మదే. స్లాబు కూడా డ్వాక్రా లోనుతో అమ్మే వేయించింది."

ఒక సంతకానికి ఒక ఇల్లు! మన దేశంలో ఆ సంతకానికి అంత రేటు ఎలా పలికింది? ఆమె పేరున్న ఇంట్లోంచి ఆమే వెళ్ళాలని పెద్దమనుషులు కాగితం ఎలా రాయగలిగారు? ఇవి ఆ ఒక్క ఇంటి ప్రశ్నలు కావు. వీటికి దాదాపు వందేళ్ళ చరిత్ర ఉంది.

*

తెలుగు పాఠం చెప్పేదాన్ని కాబట్టి మాటతోనే మొదలుపెడతాను. ఇల్లు, ఆలు కలిస్తే ఇల్లాలు. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు. ఇల్లు అలికేది, ముగ్గు వేసేది, కూలినాలి చేసి నిట్టాడు నిలబెట్టేది ఆమె. మాటలో ఇల్లు ముందే ఇచ్చేశారు, పత్రంలో మాత్రం ఇవ్వలేదు. విడాకులు అన్న మాటలో విడుపు వినిపిస్తుంది, ఆకు వినిపిస్తుంది. ఇల్లు వినిపించదు.

సంస్కరణ సాహిత్యం చదివిన వాళ్ళకి 1881 డిసెంబరు 11 గుర్తుంటుంది. రాజమండ్రిలో వీరేశలింగం చేయించిన మొదటి వితంతు వివాహం ఆ రోజే జరిగింది. అగ్రహారాలకి అది భూకంపం. మన వాడలకి మాత్రం భర్త పోయినా, భర్తను వదిలినా ఆడది మళ్ళీ మనువాడటం కొత్త విషయం కాదు. దానికి మారుమనువు అని మాట కూడా ఉంది. కులపెద్దలు కూర్చునేవాళ్ళు, ఎవరిది తప్పో తేల్చేవాళ్ళు, ఖర్చులు కట్టించేవాళ్ళు, తెగతెంపులు చేసేవాళ్ళు. మొగుడు కొడితే వదిలేసి రావటానికి మన ఆడవాళ్ళకి పార్లమెంటు చట్టం అక్కర్లేకపోయింది.

దీన్ని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు, నేనూ చెప్పుకున్నాను. పీహెచ్‌డీ రోజుల్లో సెమినార్లలో ఇదే మాట ఎన్నోసార్లు చెప్పాను. కానీ ఆ గర్వానికి అడుగున ఏముందో మా అమ్మమ్మ కథలో చూడాలి.

మా అమ్మమ్మ మొదటి మొగుణ్ణి వదిలేసి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నవి మూడు: ఒక ఇత్తడి చెంబు, రెండు కోడిపెట్టలు, చంకలో మా పెద్దమ్మ. ఆ గుడిసె గోడలు పెట్టింది తనే. ఏటేటా ఎర్రమట్టి మెత్తింది తనే. తాటాకు కప్పించిన డబ్బులు తన నాట్ల కూలి డబ్బులే. "మరి గుడిసె గురించి పంచాయితీలో అడగలేదా?" అంటే నవ్వేది. "గుడిసె నాదెట్టయిద్దే? ఆయనదీ కాదుగా. ఆసామి పొలం గట్టున ఉంటిమి. పొమ్మంటే ఇద్దరం పోవాల్సిందే" అనేది.

ఆచారం ఆమెకి వదిలి వచ్చే హక్కు ఇచ్చింది, ఉండే హక్కు ఇవ్వలేదు. ఆ కాలంలో ఆ ఇల్లు మొగుడిదీ కాదు కాబట్టి ఆ లోటు ఎవరికీ కనపడలేదు. మన మగవాళ్ళకి జాగా దొరికిన రోజు నుంచీ కనపడటం మొదలైంది.

*

ఇక చట్టాల వైపు వద్దాం.

1937లో హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వచ్చింది. భర్త పోయిన స్త్రీకి ఆయన ఆస్తిలో భాగం ఇచ్చింది, అదీ బతికినంత కాలం అనుభవించటానికే. అమ్మే హక్కు లేదు, తన తర్వాత ఎవరికి చెందాలో రాసే హక్కు లేదు. భర్త బతికుండగా అతనితో పడని స్త్రీ ఆ చట్టంలో లేనే లేదు.

ఆ స్త్రీ మొదటిసారి 1946లో కనిపిస్తుంది. విడిగా ఉంటూ మనోవర్తి అడిగే హక్కును ఆ ఏడాది చట్టం ఇచ్చింది. భర్త క్రూరంగా చూసినా, మళ్ళీ పెళ్ళి చేసుకున్నా ఆమె వేరుగా ఉండవచ్చు. గమనించండి, వేరుగా ఉండాల్సింది ఆమె. ఇల్లు మారాల్సింది ఆమె. కొట్టినవాడు ఉన్నచోటే ఉంటాడు. దెబ్బలు తిన్న మనిషి అద్దె ఇల్లు వెతుక్కోవాలి.

1949లో మద్రాసు రాష్ట్రం బహుభార్యత్వ నిరోధ, విడాకుల చట్టం చేసింది. అప్పటికి మన ఆంధ్ర జిల్లాలు మద్రాసులోనే ఉన్నాయి. అంటే దేశమంతటికీ హిందూ వివాహ చట్టం రావటానికి ఆరేళ్ళ ముందే ఇక్కడి హిందూ స్త్రీకి కోర్టులో విడాకులు అడిగే దారి తెరుచుకుంది. ఇంటి విషయంలో మాత్రం దారి లేదు.

ఈ రెండు ముక్కల్నీ, అంటే విడిపోయే హక్కునీ ఆస్తి హక్కునీ, ఒకే చట్టంలో కలిపి పెట్టాలని చూసినవాడు బాబాసాహెబ్. బి.ఎన్. రావు కమిటీ 1941 నుంచీ తయారుచేస్తూ వచ్చిన ముసాయిదాని న్యాయశాఖ మంత్రిగా ఆయన చేతిలోకి తీసుకున్నాడు. ఒకే పెళ్ళి, విడాకులు, కూతురికి వాటా, స్త్రీకి వచ్చిన ఆస్తి మీద పరిమితులు లేని పూర్తి హక్కు, ఇవన్నీ ఒకే గుడ్డలో నేసిన దారాలు. ఎందుకు కలిపాడు? ఆస్తి లేని స్త్రీకి విడాకులు ఇస్తే ఆమె చేతికొచ్చేది వీధి. విడాకులు లేకుండా ఆస్తి ఇస్తే దాని మీద పెత్తనం మొగుడిది. రెండూ కలిస్తేనే ఆమె గుమ్మం లోపల నిలబడి "వద్దు" అనగలదు. హిందూ కోడ్ బిల్లును నేను అలా చదువుతాను.

అప్పటి సభలో జరిగింది మీకు తెలుసు. మతం మంట కలిసిపోతుందన్నారు, కుటుంబం చీలిపోతుందన్నారు, ఏళ్ళ తరబడి సాగదీశారు. 1951 సెప్టెంబరులో అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశాడు. తన రాజీనామాకి ఆయన చెప్పిన కారణాల్లో షెడ్యూల్డ్ కులాల పట్ల నిర్లక్ష్యమూ ఉంది, హిందూ కోడ్ బిల్లును పక్కన పెట్టటమూ ఉంది. మన ఉద్యమంలో ఆడవాళ్ళ ఇంటి గొడవలు తర్వాత చూద్దాం అనే అన్నలు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ఆయన దృష్టిలో అవి తర్వాత చూసేవి కావు.

తర్వాత ఆ బిల్లు ముక్కలై వచ్చింది. 1955లో వివాహ చట్టం, 1956లో వారసత్వ చట్టం, అదే ఏడు దత్తత, మనోవర్తి చట్టం. ఏ దారానికి ఆ దారం విడిపోయింది. వివాహ చట్టం విడాకులిచ్చింది. ఆస్తి గురించి అందులో ఉన్నది సెక్షన్ 27 ఒక్కటే. పెళ్ళి సమయంలో వచ్చి ఇద్దరికీ ఉమ్మడిగా చెందే వస్తువుల సంగతి కోర్టు తేల్చవచ్చని అది చెబుతుంది. అంటే పెళ్ళిలో చదివించిన బీరువా, మంచం, బిందెలు. పెళ్ళయ్యాక ఇరవై ఏళ్ళు ఇద్దరూ కష్టపడి కట్టుకున్న ఇల్లు ఆ సెక్షన్‌లోకి రాదు.

వారసత్వ చట్టం ఒక మంచి పని చేసింది. సెక్షన్ 14 కింద స్త్రీకి ఉన్న ఆస్తి మీద ఆమెకి సంపూర్ణ హక్కు వచ్చింది. 1937 నాటి "బతికినంత కాలం" అనే తాడు తెగింది. కానీ అదే చట్టంలో సెక్షన్ 23 కూడా ఉంది. పుట్టింటి వాళ్ళు ఉంటున్న ఇంట్లో కూతురికి వాటా ఉన్నా, అన్నదమ్ములు పంచుకోవాలనుకునే దాకా ఆమె పంపకం అడగకూడదు. అందులో నివాసం ఉండే హక్కు కూడా పెళ్ళికాని కూతురికి, భర్త వదిలేసిన లేదా భర్త నుంచి విడిపోయిన కూతురికి, వితంతువుకి మాత్రమే. కాపురం కూలిపోతేనే పుట్టింటి తలుపు తెరుచుకుంటుంది. అదీ ఉండటానికి తప్ప పంచుకోవటానికి కాదు. అత్తింట్లో ఆమెకి హక్కు రాయలేదు, పుట్టింట్లో రాసిన హక్కుకి తాళం వేశారు. ఈ సెక్షన్ 2005 సెప్టెంబరు 9 దాకా బతికే ఉంది, 49 ఏళ్ళు.

మధ్యలో మన రాష్ట్రం ఒక అడుగు ముందు వేసింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా ఇచ్చింది. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకి మాత్రం ఇవ్వలేదు. మంచి చట్టమే. కానీ మా అమ్మకి దాని వల్ల ఏం వచ్చింది? పంచుకోవటానికి ఆమె తండ్రికి ఉన్నది గట్టు మీద గుడిసె. మెట్టినింటికి పోయే కూతురికి పసుపు కుంకుమల కింద ఎకరం రాసిచ్చే ఇళ్ళు వేరు, రవిక గుడ్డ పెట్టి పంపే ఇళ్ళు వేరు. వారసత్వ చట్టం వారసత్వం ఉన్నవాళ్ళకే పనికొస్తుంది.

*

"కలిసి ఉన్న ఇల్లు" అనే ఆలోచన మన చట్టంలోకి వచ్చింది 2005 గృహహింస చట్టంతో. ఇందులో ఇల్లు ఎవరి పేరు మీద ఉంది అన్నది మొదటి ప్రశ్న కాదు. ఆమె అక్కడ కాపురం ఉందా అన్నదే మొదటి ప్రశ్న. ఉంటే, ఆ ఇంట్లో ఆమెకి హక్కు, వాటా, పత్రం ఏదీ లేకపోయినా నివసించే హక్కు ఉంది. చట్టం ప్రకారం తప్ప బయటికి గెంటకూడదు. 1946 చట్టం ఆమెను ఇల్లు మారమంది. ఈ చట్టం అవసరమైతే అతన్ని మారమంటుంది.

2006 అక్టోబరు 26న ఈ చట్టం అమల్లోకి వచ్చింది. అదే ఏడు డిసెంబరు 15న, అంటే సరిగ్గా 50 రోజులకి, బాత్రా కేసులో సుప్రీంకోర్టు దాన్ని సగానికి కోసింది. ఢిల్లీలో అత్తగారి పేరు మీద ఉన్న ఇల్లు అది. భర్త సొంతదో, భర్త అద్దెకు తీసుకున్నదో, భర్త సభ్యుడిగా ఉన్న ఉమ్మడి కుటుంబానిదో అయితేనే కలిసి ఉన్న ఇల్లు అవుతుందని, అత్తగారి సొంత ఇల్లు అలా కాదని తీర్పు.

ఆ తీర్పు తర్వాత సహకరించని భర్తకి పని ఎంత సులువైందో ఊహించండి. కొడుకూ కోడలూ ఉండే ఇల్లు ఈ దేశంలో చాలాసార్లు మామగారి పేరునో అత్తగారి పేరునో ఉంటుంది. తన పేరున ఉన్నా గొడవ మొదలవగానే అమ్మ పేరున గిఫ్టు డీడు రాసేస్తే సరి. 2020 అక్టోబరు 15న అహుజా కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పాత తీర్పు సరైన చట్టం కాదని చెప్పింది. ఇల్లు అత్తమామలదైనా, ఆమె అక్కడ స్థిరంగా కాపురం ఉంటే అది కలిసి ఉన్న ఇల్లే. అయితే ఆ హక్కు శాశ్వతమైనది కాదనీ, వయసు మీద పడిన అత్తమామల హక్కులతో కలిపి తూచాలనీ కూడా చెప్పింది. ఇది రావటానికి దాదాపు 14 ఏళ్ళు పట్టింది. ఆ 14 ఏళ్ళలో గడప దాటించిన ఆడవాళ్ళకి ఆ ఏళ్ళు ఎవరూ తిరిగివ్వలేదు.

మన కుటుంబాలకి ఇంకా దగ్గరగా ఉండే తీర్పు ఒకటుంది. 2005 ఫిబ్రవరిలో వచ్చిన అచల ఆనంద్ కేసు. బెంగళూరులో అద్దె ఇల్లు. భర్త భార్యను ఆ ఇంట్లో వదిలేసి వెళ్ళిపోయాడు. అద్దె కట్టటం ఆగింది, ఇంటి యజమాని ఖాళీ చేయించటానికి కోర్టుకెళ్ళాడు. అద్దెదారు భర్త, అతనేమో కేసు పట్టించుకోడు. చెయ్యి ఎత్తకుండా, గొడవ పడకుండా భార్యను వీధిలో పడెయ్యటానికి ఇంతకంటే తేలిక మార్గం లేదు, అద్దె మానేస్తే చాలు. అలా వదిలివేయబడిన భార్య తనే అద్దె కట్టి, భర్త స్థానంలో నిలబడి కేసు పోరాడవచ్చని సుప్రీంకోర్టు అంది. కానీ కేసు నడుస్తుండగానే వాళ్ళకి విడాకులు మంజూరయ్యాయి. డిక్రీ వచ్చాక భార్య అన్న హోదాతో ఆ ఇంట్లో నిలబడే హక్కు పోతుందని, ఆ తర్వాత ఏ హక్కు ఉన్నా అది విడాకుల ఒప్పందంలోనో డిక్రీలోనో రాసి ఉండాలని కూడా కోర్టు చెప్పింది.

ఈ వాక్యాన్ని విద్యార్థులు నోట్ చేసుకోండి. ఇంటి సంగతి విడాకులకి ముందే తేల్చుకోవాలి, డిక్రీలో రాయించుకోవాలి. "ముందు విడాకులు కానివ్వమ్మా, ఇల్లు తర్వాత చూసుకుందాం" అని ఎవరైనా అంటే ఆ మాట ఎవరికి లాభమో ఆలోచించండి.

పెళ్ళయ్యాక సంపాదించింది విడిపోయేటప్పుడు ఇద్దరికీ పంచాలన్న సూత్రం మన దేశంలో అసలు లేదా అంటే, గోవాలో ఉంది. పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడ్ అక్కడ ఇప్పటికీ నడుస్తోంది. పెళ్ళికి ముందు వేరే ఒప్పందం రాసుకోకపోతే భార్యాభర్తల ఆస్తి ఉమ్మడి, విడిపోతే చెరిసగం. మిగతా దేశానికి అలాంటిదొకటి తేవాలని 2010లో వివాహ చట్టాల సవరణ బిల్లు వచ్చింది. భర్త ఇంట్లో, ఆస్తిలో భార్యకి వాటా అనే మాట చేరాక 2013లో రాజ్యసభ దాన్ని ఆమోదించింది. లోక్‌సభ గడప దాటకుండానే 2014లో ఆ సభ గడువుతో పాటు అదీ మురిగిపోయింది. 1951లో విడిపోయిన దారాలు ఇప్పటికీ కలవలేదు.

*

ఇప్పుడు మన వాడలోకి వద్దాం. ఎందుకంటే ఈ తీర్పుల్లోని ఇళ్ళు ఎక్కువగా నగరాల్లోని, అమ్ముకోగలిగిన ఇళ్ళు. మన ఇల్లు అలాంటిది కాదు.

మొదటి తేడా పట్టా. మనలో చాలామందిది ప్రభుత్వం ఇచ్చిన జాగా. ఇల్లు ఆడవాళ్ళ పేరున ఇవ్వటం ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మామూలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి ఆడవాళ్ళ పేరున ఇచ్చిన పట్టాలే ప్రభుత్వ లెక్కల ప్రకారం 30 లక్షలకు పైన. మా అమ్మమ్మకి లేని కాగితం ఆమె మనవరాళ్ళకి వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. కానీ అసైన్‌మెంటు భూములు 1977 చట్టం పరిధిలోకి వస్తాయి. ఇష్టమొచ్చినప్పుడు అమ్మటానికీ, చేతులు మార్చటానికీ వీల్లేదు. బ్యాంకులోనుతో ఫ్లాటు కొన్న జంట విడిపోతే అమ్మి చెరిసగం తీసుకోవచ్చు. పట్టా ఇంటికి ఆ దారి లేదు. ఎవరో ఒకరు ఉండాలి, ఇంకొకరు పోవాలి. ఎవరు పోవాలో పంచాయితీ ముందే నిర్ణయించుకుని కూర్చుంటుంది.

రెండో తేడా చుట్టూ ఉండే మనుషులు. కాలనీలో పక్కిల్లు బావగారిది, ఎదురిల్లు ఆడపడుచుది. పట్టా ఆమెదే అయినా నీళ్ళ పంపు దగ్గర, చర్చిలో, చావుకీ పెళ్ళికీ ఆమె ఒంటరి. కోర్టు నివాస హక్కు ఇస్తుంది కానీ పలకరింపు ఇవ్వదు. మన సంఘాలు ఇక్కడ పనికొస్తాయా లేదా అన్నదే అసలు పరీక్ష. జండా ఎగరేసే రోజు వచ్చే మనం, ఆమె గుమ్మానికి తాళం వేసిన రోజు వస్తున్నామా?

మూడో తేడా మతం. మనలో చాలా కుటుంబాలు చర్చికి వెళతాయి, కుల ధ్రువపత్రంలో హిందువులు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు పెట్టిన మెలిక అది. పెళ్ళి పాస్టర్ గారు చేస్తారు. విడాకుల దాకా వచ్చేసరికి ఏ చట్టం కింద అన్న తగువు మొదలవుతుంది. క్రైస్తవులకి 1869 నాటి విడాకుల చట్టం. 2001 దాకా అందులో భర్తకి భార్య వ్యభిచారం ఒక్కటి చూపిస్తే చాలు. భార్య మాత్రం భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలెయ్యటమో ఇంకొకటి కూడా నిరూపించాలి. 2001 సవరణ ఆ తేడా తీసేసింది, పరస్పర అంగీకార విడాకులు కూడా చేర్చింది. సహకరించని భర్త ఈ మతం మెలికని కూడా వాడుకుంటాడు. హిందూ చట్టం కింద వేస్తే మేం క్రైస్తవులం అంటాడు, క్రైస్తవ చట్టం కింద వేస్తే సర్టిఫికెట్ చూపిస్తాడు. ఊరట ఏంటంటే గృహహింస చట్టానికి మతం లేదు. ఏ పెళ్ళి అయినా, ఇంటి హక్కు అడగటానికి ఆ తగువు తేలేదాకా ఆగక్కర్లేదు.

ఇంకొక మాట. కులాంతర వివాహం చేసుకున్న మన అమ్మాయిల సంగతి. ఆమె పేరున్న ఇంట్లోంచి, స్థలంలోంచి దళితేతరుడైన భర్తో, అతని వాళ్ళో అక్రమంగా వెళ్ళగొడితే అత్యాచారాల నిరోధక చట్టం కూడా గుర్తుంచుకోవాలి. ఎస్సీ, ఎస్టీల భూమి నుంచి, ఆవరణ నుంచి అక్రమంగా తొలగించటం అందులో నేరం. దాన్ని కుటుంబ కలహం అనే గంప కింద దాచెయ్యనివ్వకండి.

*

ఇక ఆ స్టాంపు కాగితం దగ్గరికి.

ఆ అమ్మాయిని కూర్చోబెట్టి ఒక్కో వాక్యమే చదివాం. తెలిసిన అడ్వకేటు అక్కకి ఫోన్ చేసి సరిచూసుకున్నాం. తేలింది ఇది.

ఆ కాగితంతో విడాకులు రావు. హిందూ వివాహ చట్టం ఆచార విడాకుల్ని గుర్తిస్తుంది, సెక్షన్ 29 ఆ వెసులుబాటు ఉంచింది. కానీ అలాంటి ఆచారం తమ కులంలో ఉందని కోర్టులో చెప్పి రుజువు చెయ్యాలని సుప్రీంకోర్టు 2002లో స్పష్టం చేసింది. స్టాంపు పేపరు మీద రాసుకున్నంత మాత్రాన పెళ్ళి రద్దు కాదు.

ఆ కాగితంతో ఇల్లు కూడా చేతులు మారదు. స్థిరాస్తి మీద హక్కు వదులుకునే పత్రం రిజిస్టరు కావాలి. పట్టా ఇంటికి ఆ మీద అసైన్‌మెంటు ఆంక్షలున్నాయి.

మరి దాని బలమెక్కడుంది? ఆమె ఖాళీ చెయ్యటంలో ఉంది. ఒకసారి సామాను ఆటోలో వేసుకుని వెళితే, తాళం అతని చేతిలోకి వెళితే, ఆ తర్వాత తాళం తీయించటానికి కోర్టు మెట్లెక్కాల్సింది ఆమె. కాగితం చట్టం కోసం రాసింది కాదు, భయపెట్టటానికి రాసింది.

అన్నిటికంటే ముఖ్యమైనది, అసలు ఆ సంతకం ఆమెకి అక్కర్లేదు. పరస్పర అంగీకార విడాకులకే ఇద్దరి సంతకం కావాలి. పైగా డిక్రీ వచ్చే దాకా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చని 1991 నుంచే సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అంటే ఆమె ఇల్లు ఖాళీ చేశాక కూడా ఆయన మాట మార్చవచ్చు. కానీ రెండేళ్ళకు పైగా వదిలేసి వెళ్ళటం ఒక్కటే చాలు, ఆమె ఒక్కతే పిటిషన్ వెయ్యటానికి. నోటీసు పద్ధతి ప్రకారం పంపాక కూడా అతను రాకపోతే అతను లేకుండానే విచారణ జరుగుతుంది. గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు కూడా అవసరమైతే అతను రాకుండానే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఇంట్లోంచి గెంటకూడదని, ఇంటిని అమ్మకూడదని, తాకట్టు పెట్టకూడదని ఆదేశించవచ్చు.

ఇది తేలిక అని మాత్రం నేను చెప్పలేదు. వాయిదా రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు కావాలి. 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చెయ్యాలని గృహహింస చట్టంలో రాసి ఉన్నా ఎన్ని వాయిదాలు పడతాయో ఎవరికీ తెలీదు. కానీ లాయరు ఫీజుకి భయపడక్కర్లేదు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీలకీ, స్త్రీలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఆమె రెండు విధాలా అర్హురాలు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెబుతారు.

ఇంటికెళ్ళగానే చెయ్యాల్సిన పనులు నాలుగు రాసిచ్చాను. పట్టా, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, డ్వాక్రా లోను పుస్తకం జిరాక్సు తీసి అసలువి వేరే చోట దాచటం. ఏ కారణం చేతా ఇల్లు ఖాళీగా వదలకపోవటం. ఆయన అప్పుల కాగితాల మీద వేలిముద్ర కూడా వెయ్యకపోవటం. ఇంటి సంగతి తేలకుండా ఏ విడాకుల కాగితం మీదా సంతకం పెట్టకపోవటం.

ఆదివారం పంచాయితీకి నేనూ, ఇద్దరు సీనియర్ విద్యార్థులూ వెళ్ళాం. పెద్దమనుషుల్లో ఒకాయన నాకు బాబాయి వరస. "కాలేజీ పాఠాలు వాడలోకి ఎందుకమ్మా" అన్నాడు. "బాబాయ్, ఈ పాఠం వాడ నుంచే కాలేజీకి వచ్చింది" అన్నాను. గంటన్నర మాటలు నడిచాయి. ఆయన, అదే ఆ అమ్మాయి నాన్న, మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. ఏదీ తేలలేదు. తేలిపోయిందని అబద్ధం చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టను. సోమవారం తల్లీకూతుళ్ళు న్యాయ సేవల ఆఫీసుకి వెళ్ళి దరఖాస్తు పెట్టారు.

బయల్దేరేటప్పుడు ఆ తల్లి నాకు టీ ఇచ్చింది. అంతసేపూ ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు. గ్లాసు తీసుకుంటూ అడిగింది, "మేడంగారూ, ఈ గోడకి సున్నం వేయించుకోవచ్చా? నాలుగేళ్ళబట్టి వేయించలేదు, ఉంటామో పోతామో అని."

వేయించుకోమన్నాను.

వచ్చే వారం ఇళ్ళ స్థలాల పోరాటాలు. మీ అమ్మ, అమ్మమ్మ, నానమ్మ ఏ ఇంట్లో ఉన్నారు, అది ఎవరి పేరున ఉంది, ఎప్పుడైనా వదిలి రావాల్సి వచ్చిందా, ఇంట్లో అడిగి రాయండి. ఈ చరిత్ర పుస్తకాల్లో లేదు. మనమే రాసుకోవాలి.

జై భీమ్.